లంగరు ఎక్కడుందో చూడు

అమ్మడూ,

నువ్వు అడిగింది ఫోన్లో తెమిలే మాట కాదు. ఆ సిగ్నల్లో నీ మాట నాకు సగమే వినబడుతుంది. మిగతా సగం మీ మామ్మ మధ్యలో దూరి ఏం కూర తిన్నావని అడగడంతో పోతుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. "ఘాజీ సినిమా మళ్లీ చూశాను తాతయ్యా, యుద్ధాల మీద మంచి పుస్తకాలు ఓ పది చెప్పు" అన్నావు. పది చెప్పను. చెబితే పదీ ఒకే రాత్రి ఆర్డర్ పెట్టేస్తావు, రెండు తిరగేస్తావు, తక్కినవి హాస్టల్ కిటికీలో దుమ్ము తింటాయి. మీ నాన్న అలా కొన్నవి ఇప్పటికీ మేడ మీద గదిలో కవర్లు విప్పకుండా ఉన్నాయి.

ముందు ఆ సినిమా సంగతి. బాగానే తీశారు, నేనూ కుర్చీ అంచుకి జరిగి చూశాను. కానీ అది కథ. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిన మాట నిజం. అందులో ఉన్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతికి బయటపడలేదు. అది కూడా నిజం. ఎలా మునిగిందన్న దగ్గర మాత్రం రెండు నోళ్లున్నాయి. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీల వల్ల అని మన నౌకాదళం చెబుతుంది. లోపలే ఏదో పేలిందనో, వాళ్లు పరిచిన మందుపాతర వాళ్లకే తగిలిందనో పాకిస్తాన్ చెబుతుంది. సినిమాకి ఈ తకరారు పనికిరాదు. చదివేవాళ్లకి అసలు రుచంతా అక్కడే.

నీకు ఎనిమిదేళ్లప్పుడు విశాఖ బీచిలో కురుసుర చూపించాను, గుర్తుందా? ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేసిన మన జలాంతర్గామి. నువ్వు టార్పెడో గొట్టాల దగ్గర నిలబడి కదలనన్నావు. నేను వంటగది దగ్గర ఆగిపోయాను. మన దేవుడి గదంత ఉంటుంది. అందులో నిలబడి డెబ్భై మందికి పైగా పూటపూటా వండిపెట్టాలి, అదీ నీళ్ల కింద. వెనకాల జనం తోస్తుంటే "అక్కడేముంది తాతయ్యా, రా" అని చెయ్యి పట్టుకు లాగావు. అక్కడేముందో చెప్పడానికే ఈ ఉత్తరం.

సైన్యంలో వంటశాలని లంగరు అంటారు. మన తెలుగు లంగరు ఓడని కదలకుండా ఆపేది, ఆ లంగరు సైన్యాన్ని కదిలించేది. యుద్ధం పుస్తకం ఏది చేతికొచ్చినా ముందు లంగరు ఎక్కడుందో వెతుకు. ఆ సైన్యం ఏం తింది, ఎవరు మోసుకొచ్చారు, ఎన్నాళ్లకి సరిపడా తెచ్చుకుంది, జ్వరమొస్తే ఎక్కడ పడుకోబెట్టారు. రచయితకి ఈ గొడవ పట్టకపోతే, ఎంత గొప్పగా రాసినా ఆయన్ని సగమే నమ్ము.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. 1972లో ఆర్మీ సర్వీస్ కోర్‌లో గుమాస్తాగా చేరాను. అంటే తుపాకీ కన్నా ఇండెంటు పుస్తకం ఎక్కువ మోసినవాణ్ని. మీ స్నేహితురాళ్లకి "మా తాతయ్య యుద్ధం చేశాడు" అని చెబుతున్నావట, మానెయ్. పప్పు బస్తాలు లెక్కపెట్టాను. ఈశాన్యంలో కొండల మీద పోస్టులకి సరుకు పంపే డిపోలో ఉండగా, ఒకసారి తొందరలో గోధుమపిండి బస్తాలూ కిరసనాయిలు డబ్బాలూ ఒకే లోడులో వెయ్యమని సంతకం పెట్టేశాను. దారిలో ఒక డబ్బా కారింది. పై పోస్టు వాళ్లకి మళ్లీ సరుకు చేరడానికి పదిరోజులు పట్టింది. పదిరోజులూ ఆ పిండే తిన్నారు. తర్వాత కంచరగాడిదల్ని తోలుకుని దిగొచ్చిన జవాను నా బల్ల మీద ఒక పొట్లం పెట్టి వెళ్లిపోయాడు. చీటీ లేదు, ఫిర్యాదు లేదు. పొట్లంలో ఒక్క రొట్టె. ఎండి అట్టలా అయిపోయినా విప్పగానే కిరసనాయిలు గుప్పుమంది. నన్ను పైవాళ్లెవరూ ఏమీ అనలేదు. ఆ రొట్టె అన్నంత ఎవరూ అనలేదు కూడా.

ఆ చూపుతో చదివేవాడికి దొరికిన పుస్తకం బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ స్లిమ్ రాసిన డిఫీట్ ఇన్‌టు విక్టరీ. 1956లో వచ్చింది. ఒక్కటే చదువుతానంటే ఇది చదువు. పెన్షన్ తీసుకున్నాక హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం సంతలో దొరికింది. ఏదో లైబ్రరీ ముద్ర, వెనక పటం సగం చిరిగి ఉంది. స్లిమ్ బర్మాలో 1942లో జపాను చేతిలో ఓడి, వందల మైళ్లు నడిపించి సైన్యాన్ని వెనక్కి తెచ్చాడు. అదే జపానుని 1944, 45ల్లో ఓడించాడు. ఆ సైన్యంలో ఎక్కువమంది మనవాళ్లే. జనరల్స్ రాసే పుస్తకాల్లో తప్పులన్నీ పక్కవాడివే అవుతాయి. ఈయన తన తప్పుల్ని తానే చెప్పుకుంటాడు. కోహిమా దారిన ఆ కొండల్లోంచి జపాను ఒక చిన్న దళాన్నే పంపగలదని తాను లెక్క వేశాననీ, ఏకంగా ఒక డివిజనే వచ్చిపడిందనీ దాచకుండా రాశాడు. చిన్న వయసులో జీతం చాలక మారుపేరుతో పత్రికలకి కథలు రాసినవాడు, అందుకే వాక్యం అంత సాఫీగా నడుస్తుంది.

అందులో తుపాకుల కంటే నన్ను కట్టిపడేసింది మలేరియా. 1943లో గాయంతో ఒకణ్ని ఆసుపత్రికి మోస్తే, జబ్బుతో నూట ఇరవైమందిని మోయాల్సి వచ్చేదట. మెపాక్రిన్ మాత్రలు ఇస్తే జవాన్లు మింగేవాళ్లు కాదు, దాని మీద రకరకాల పుకార్లు. స్లిమ్ ఏం చేశాడంటే, హఠాత్తుగా ఒక దళానికి దళాన్నే పరీక్ష చేయించేవాడు. నూటికి కనీసం తొంభై అయిదు మంది ఒంట్లోనైనా మందు కనబడకపోతే ఆ దళం అధికారి ఉద్యోగం ఊడేది. ముగ్గురివి ఊడాక ఇంకెవరిదీ ఊడాల్సిన పని పడలేదు. మా ఆరోగ్య కేంద్రం వాళ్లకి ఈ పేజీలు జిరాక్స్ తీసి ఇద్దామనుకున్నాను, మీ మామ్మ ఆపింది.

ఇంకో సంగతి. అడవిలో ఉన్న సైన్యానికి విమానాల్లోంచి సరుకు జారవిడవాలి. పట్టు పారాచూట్లు కావలసినన్ని లేవు. స్లిమ్ కలకత్తా జనపనార మిల్లుల వాళ్లని పట్టుకుని గోనెగుడ్డతో పారాచూట్లు కుట్టించాడు. పట్టుదానికి ఇరవై పౌన్లు పైన అయితే దీనికి ఒక పౌను, కాస్త చిల్లర. మనుషులకి కాదులే, పప్పుకీ బియ్యానికీ.

ఈ గోనె సంగతి ఇంత సాగదీయడానికి కారణం మీ ముత్తాత. మా నాన్న బర్మా వెళ్లొచ్చాడని నీకు తెలుసు. మన పక్కనున్న మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే అంటారు కదా, రెండో ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊళ్లోంచే వెయ్యిమందికి పైగా వెళ్లారని లెక్క చెబుతారు. ఆ ఊపులో మా నాన్నా వెళ్లాడు, రోడ్లు వేసే దళంలో. తిరిగొచ్చాక యుద్ధం గురించి ఎవరడిగినా ఒకటే మాట: "గోనెపట్టాలు తారులో ముంచి పరిచాం, దాని మీద లారీలు పోయాయి." అరుగు మీద అందరూ నవ్వేవాళ్లు. గోనెపట్టా మీద లారీ ఏంట్రా, మందు ఎక్కువైందా అని. నేనూ నవ్వాను, పన్నెండేళ్ల వాణ్ని. ఆయన చెప్పడం మానేశాడు. ఆయన పోయిన చాలా ఏళ్లకి, ఆబిడ్స్‌లో కొన్న ఈ పుస్తకం చదువుతుంటే కనబడింది. బర్మా దారిలో రాయి దొరక్క, వానలు ముంచుకొస్తుంటే, గోనెపట్టాల్ని తారులో తడిపి చాపల్లా ఒకదాని అంచు మీద ఒకటి వేసుకుంటూ నూరు మైళ్లకి పైగా పరిచారట. దానికో పేరు కూడా ఉంది, బిటెస్. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి పెరట్లోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

అవతలివైపు లంగరు కూడా చూడాలి. ఇంఫాల్ మీదికి వచ్చిన జపాను సైన్యం సుమారు మూడు వారాల తిండితో బయల్దేరింది. తిండి అయిపోయేలోగా ఇంఫాల్ చిక్కుతుంది, అక్కడి గిడ్డంగులు మనవే అవుతాయి అని వాళ్ల జనరల్ ముతగుచి లెక్క. దారిలో కోసుకు తినొచ్చని పశువుల మందలు తోలుకొచ్చారు. చింద్విన్ నది దాటేటప్పుడు చాలా గొడ్లు కొట్టుకుపోయాయి, మిగిలినవి కొండలెక్కలేక కూలబడ్డాయి. ఇంఫాల్ చిక్కలేదు. కోహిమా దగ్గరున్న సాటో అనే డివిజన్ అధిపతి, తిండి పంపకపోతే వెనక్కి పోతానని చెప్పి చెప్పి, చివరికి ఆజ్ఞ ధిక్కరించి తన మనుషుల్ని వెనక్కి నడిపించాడు. చచ్చిన వేలమందిలో గుండు తగిలి చచ్చినవాళ్ల కంటే ఆకలికీ జబ్బుకీ చచ్చినవాళ్లే ఎక్కువ. సాటోకి మతి చెడిందన్నారు. నా లెక్కలో ఆ సైన్యంలో కూడిక తెలిసినవాడు అతనొక్కడే.

ఇక 1962, చైనాతో యుద్ధం. దీని గురించి ఎవరో ఒకరి పుస్తకం చదివి మాట్లాడితే నాతో మాట్లాడకు. కనీసం మూడు చదవాలి, అదీ ఒకదాని వెంట ఒకటి, ఒకే నెలలో. మొదటిది బ్రిగేడియర్ దల్వీ రాసిన హిమాలయన్ బ్లండర్, 1969. నామ్‌కా చూ అనే కొండవాగు ఒడ్డున మన ఏడో బ్రిగేడుకి ఆయనే అధిపతి. అక్టోబరు 20 తెల్లవారుజామున చైనా విరుచుకుపడింది, రెండు రోజులకి ఆయన ఖైదీగా చిక్కాడు. పద్నాలుగు వేల అడుగుల పైన త్సాంగ్‌ధర్ అనే చోట విమానాలు సరుకు జారవిడిస్తే చాలావరకు లోయల్లో పడిపోయింది. జవాన్ల ఒంటి మీద ఎండాకాలం బట్టలు. ఈ పుస్తకం కోపంతో రాసింది. చదువుతుంటే నీకూ రక్తం మరుగుతుంది, మరగనీ.

మరిగాక రెండోది తియ్యి: ఆయన పైఅధికారి లెఫ్టినెంట్ జనరల్ కౌల్ రాసిన ది అన్‌టోల్డ్ స్టోరీ. ఇది రెండేళ్లు ముందే, 1967లో వచ్చింది. దల్వీ ఎవరి మీద మండిపడ్డాడో ఆ మనిషి తన గోడు తాను చెప్పుకున్నాడు. ఇక్కడ ఒక మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. కౌల్ ఎక్కువకాలం పనిచేసింది మా సర్వీస్ కోర్‌లోనే. సరఫరా తెలిసిన దళంలో ఎదిగిన మనిషే సరఫరా చేరని చోటికి బ్రిగేడుని నెట్టాడని జనం అంటుంటే, మా మెస్సులో మేం తల వంచుకుని తినేవాళ్లం. అయినా ఆయన మాట వినాలి. కాలినడకన ఆ వాగు దాకా ఎక్కి చూసొచ్చిన మనిషి, మధ్యలో జబ్బుపడ్డ మనిషి. మూడోది బయటివాడిది: లండన్ టైమ్స్‌కి ఢిల్లీ విలేఖరిగా ఉన్న నెవిల్ మాక్స్‌వెల్ 1970లో రాసిన ఇండియాస్ చైనా వార్. తప్పు మనదే ఎక్కువంటాడు. చదువుతుంటే ఒళ్లు మండుతుంది, కొన్నిచోట్ల చైనా వైపు మరీ మొగ్గాడని నాకూ అనిపించింది. కానీ పుస్తకం విసిరికొట్టకు. ఒళ్లు మండినచోట ఒక పెన్సిల్ చుక్క పెట్టుకో. నెల తర్వాత మళ్లీ చూస్తే, మండింది అబద్ధానికా నిజానికా అన్నది తేలుతుంది.

ఆడపిల్లవి కాబట్టి అని కాదు గానీ, స్వెత్లానా అలెక్సీవిచ్ రాసిన ది అన్‌వుమన్లీ ఫేస్ ఆఫ్ వార్ తప్పకుండా చదువు. నోబెల్ వచ్చింది ఆవిడకి, 2015లో. జర్మనీతో యుద్ధంలో సోవియట్ సైన్యంలో పనిచేసిన ఆడవాళ్లని వందలమందిని కలిసి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసింది. నర్సులు, స్నైపర్లు, విమానాలు నడిపినవాళ్లు సరే. వంట చేసినవాళ్లు, సైన్యం బట్టలుతికినవాళ్లు కూడా ఉన్నారు. ఇన్నేళ్లలో నేను చదివిన యుద్ధం పుస్తకాల్లో చాకిరేవు ఉన్నది ఇదొక్కటే. మగవాళ్ల సైజు బూట్లు వేసుకుని నడిచిన పిల్లల మాటలు అవి. రాత్రిపూట చదవకు.

జాన్ కీగన్ రాసిన ది ఫేస్ ఆఫ్ బ్యాటిల్ కాలేజీ లైబ్రరీలో ఉంటుంది చూడు. అజిన్‌కోర్ట్, వాటర్లూ, సొమ్ అని మూడు యుద్ధాలు తీసుకుని, బురదలో నిలబడ్డ మనిషికి ఏం కనబడి ఉంటుంది, ఏం వినబడి ఉంటుంది అని ఆరా తీస్తాడు. తాను జన్మలో యుద్ధం చూడలేదని మొదట్లోనే ఒప్పేసుకుంటాడు. ఆ నిజాయితీకే నేను లొంగిపోయాను. శ్రీనాథ్ రాఘవన్ రాసిన ఇండియాస్ వార్, యాస్మిన్ ఖాన్ రాసిన ది రాజ్ ఎట్ వార్, ఈ రెండూ మీ ముత్తాత కాలం సంగతులు. రెండోదాన్లో రోడ్లు వేసిన కూలీలు కూడా ఉంటారు కాబట్టి నాకు అదే ఎక్కువ ఇష్టం. సున్‌జు సూక్తులు ఫోన్లో పంపడం మాత్రం ఆపు. ఆయన పుస్తకం చిన్నది, మంచిది, కానీ దాన్ని వ్యాపారాల వాళ్లు నమిలి నమిలి పిప్పి చేశారు.

మన తెలుగు వైపు ఏముందని అడుగుతావు. బొబ్బిలి ఉంది. 1964 సినిమా నీకు తెలుసు, రామారావుది. 1757 జనవరి 24న జరిగిన ఆ ఒక్కరోజు యుద్ధాన్ని ఇంగ్లీషు కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఒకలా రాశాడు, పెద్దాడ మల్లేశం పేరున జనం పాడుకునే కథ ఒకలా చెప్పింది, దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్ర మరోలా చెప్పింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పుస్తకం టెక్స్చర్స్ ఆఫ్ టైమ్, 2001లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాశారు. మన పాటల్లోనూ కావ్యాల్లోనూ ఉన్నది కట్టుకథే కాదు, చరిత్ర కూడా అని వాళ్ల వాదన. కొంచెం కష్టంగా ఉంటుంది, తొందరపడకు. కోట ఒక్క పగటిలో పడిపోయింది కాబట్టి అక్కడ నా లంగరు సూత్రం పనిచెయ్యదు. ఏ సూత్రమైనా అంతేలే.

చదివే పద్ధతి ఒకటి చెబుతాను, ఇది నా సొంతం. పాత దినపత్రిక మీద స్కెచ్ పెన్‌తో పటం నువ్వే గీసుకో. నది, కొండ, దారి, అంతే. పుస్తకం నడుస్తున్నకొద్దీ దాని మీద చింతగింజలు జరుపు. ఇంఫాల్ యుద్ధం నేను మన హాల్లో నేల మీద ఆడాను. మీ మామ్మ ఊడ్చేసేదాకా జపాను సైన్యం సోఫా కింద ఉండేది.

ఇంకొకటి. ఈ పుస్తకాలు వరసపెట్టి చదవకు. ఒకటి అయ్యాక నెత్తురు లేని పుస్తకం ఒకటి చదువు. లేకపోతే మనుషులు అంకెలైపోతారు, యాభైవేలమంది పోయారంటే "అంతేనా" అనిపిస్తుంది. నాకు అలా అనిపించిన రోజున భయమేసి బుద్ధిగా శ్రీపాద వారి అనుభవాలూ జ్ఞాపకాలూనూ తీశాను. ఇప్పుడు నా మంచం పక్కన ఉన్నది వనవాసి, బిభూతిభూషణ్ రాసిన ఆరణ్యక్‌కి సూరంపూడి సీతారాం తెలుగు. ఇది మూడోసారి. రోజుకి నాలుగు పేజీలే, అయిపోతుందేమో అని దిగులు. నీ వంతుగా నువ్వు చదువుతున్నదేదో నాకూ పంపు. బొమ్మల నవలైనా సరే, నవ్వనులే.

ఇందులో చాలావరకు ఇంగ్లీషువి. కష్టమైన చోట డిక్షనరీ చూడు, నోట్సు మాత్రం తెలుగులో రాసుకో. ఎందుకంటే మా నాన్న లాంటివాళ్ల మాటలు ఏ భాష పుస్తకంలోనూ లేవు. మాధవరంలోనూ మన ఊళ్లోనూ ఆ ఇళ్లన్నీ ఇంకా ఉన్నాయి, ఆ పెట్టెల్లో పతకాలూ పే బుక్కులూ ఉన్నాయి, విన్న కథలు చెప్పే డెబ్భై, ఎనభై ఏళ్ల కొడుకులూ కోడళ్లూ ఉన్నారు. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ ఫోన్లో కాస్త జాగా ఖాళీ చేసుకుని రా, ఇద్దరం నాలుగిళ్లు తిరిగొద్దాం. ఎవరైనా గోనెపట్టాల గురించి చెబితే నవ్వకు.

స్లిమ్ పుస్తకం పోస్టులో పంపుతున్నాను. ఇది రెండో కాపీ. ఆబిడ్స్‌ది ఒకాయన నాలుగు రోజుల్లో ఇస్తానని పట్టుకెళ్లి ఏడేళ్లయింది. పెన్నుతో గీతలు పెట్టకు, పెన్సిలైతే ఫర్వాలేదు. బిటెస్ పేజీ దగ్గర మా నాన్న ఫోటో ఉంటుంది, అది మాత్రం అక్కడే ఉంచు.

మీ తాతయ్య